ఉత్తినే అరిచే బండి

పశువుల డాక్టరు తారకేశ్వరి గారి కాంటెస్సా
దాసన్నపేటలో నా రేకుల షెడ్డు ముందు ఆగేసరికే
అరుస్తోంది,
డబ్బాలో పెట్టి మూతేసిన కందిరీగలా,
డేష్‌బోర్డు లోపలెక్కడో.

"లైట్లు వేసుకుని గతుకులో పడితే చాలు.
వాన పడ్డరోజు ఇక చెప్పక్కర్లేదు" అన్నారావిడ.
"గంట్యాడ నుంచి ఇక్కడిదాకా
పక్కసీట్లో ఎవరో కూర్చుని
నా మీద నాకే చాడీలు చెబుతున్నట్టుంది."

జిలానీ గాడు అప్పుడే కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చాడు.
"ఒక్క తీగ, మాస్టారూ. కోసెత్తే ఊరుకుంతాది."
ఊరుకుంటుంది, నిజమే.
చిక్కం కట్టిన ఎద్దు చేను మెయ్యదు,
నీళ్ళూ తాగదు.
మా గురువు సన్యాసయ్య ఈ షెడ్డులోనే
నా చెవి మెలేసి చెప్పాడు:
"అరిసేదాన్ని కాదురా,
అరిపించేదాన్ని ఎతుకు."

టెస్టు లాంపు తీశాను.
పాత స్కూటర్ ఇండికేటరు బల్బు, రెండు తీగలు, ఒక క్లిప్పు.
ఫ్యూజు దగ్గర వెలిగింది.
లైట్ల స్విచ్చు దగ్గర వెలిగింది.
బజర్‌కి కరెంటు సరిగ్గానే వస్తోంది.
లైట్లు ఆర్పకుండా తలుపు తీస్తేనే కదా
దానికి ఎర్త్ అందాలి, అప్పుడే కదా అరవాలి.
తలుపు మూసే ఉంది.
మరి ఈ ఎర్త్ ఎవడిచ్చాడు?

వెల్లకిలా పడుకుని పెడళ్ళ కింద తల దూర్చాను.
గడ్డిపోచలు, ఫినాయిల్ వాసన,
ఒక పది పైసల బిళ్ళ, సూది మందు మూతలు,
ముప్పై ఏళ్ళ దుమ్ము నా కనురెప్పల మీద.
జిలానీ బండిని ఊపుతున్నాడు,
నేను ఒక్కో తీగనీ నాడి పట్టినట్టు పట్టి చూస్తున్నాను.
ఊదా రంగుది, తెల్ల చారది,
తలుపు స్తంభంలోకి దూరే కంత దగ్గర
రబ్బరు ఊడిపోయి
రేకు అంచుకి రాసుకుని రాసుకుని
గోరంత మేర రాగి బయటపడింది.
గతుకు గతుక్కీ బండి ఒంటిని ముట్టుకుని
కేకేస్తోంది.

స్లీవు తొడిగాను, టేపు చుట్టాను, కొత్త రబ్బరు వేశాను.
జిలానీ ఎంత ఊపినా చప్పుడు లేదు.
డాక్టరు గారు పర్సు తీశారు.
"ఆగండమ్మా," అన్నాను,
"ఊరుకోవడం రిపేరు కాదు."
లైట్లు వేసి తలుపు బార్లా తీశాను.
ఏమీ లేదు.
మూసి మళ్ళీ తీశాను.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తలుపు స్విచ్చు గుబ్బ లోపలికి దిగబడిపోయి ఉంది.
దాని పక్క సందులో, నల్లబడి,
బిగించి విరిచిన అగ్గిపుల్ల ముక్క.
ఏ మెకానిక్ వెధవ చేశాడో ఇది, అని నోటిదాకా వచ్చింది.
ఆవిడ దాన్ని అరచేతిలో వేసుకుని
తిప్పి తిప్పి చూశారు.
"నేనే."

బొండపల్లి అవతల, కరెంటు పోయిన రాత్రి,
తొలిచూలు పెయ్య. దూడ అడ్డం తిరిగింది.
కారుని శాల వాకిట్లోకి తోలి
ఆ లైట్ల వెలుగులో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఉంటే
తెరిచిన తలుపు దగ్గర్నుంచి ఇది ఒకటే గోల,
పెయ్య బెదిరి లేవబోతోంది.
తలుపు మూస్తే సరిపోయేదే,
ఆ సీటు మీదే మందులూ తాళ్ళూ.
రైతు తల్లి నోట్లో అడ్డచుట్ట తియ్యకుండానే
అగ్గిపెట్టె విసిరింది.
"పొద్దున్నే తీసేద్దామనుకున్నాను.
పద్దెనిమిదేళ్ళు."
ఆగి, నవ్వారు.
"బ్యాటరీ ఎన్నిసార్లు చచ్చిందో!
ఎన్ని ఊళ్ళవాళ్ళు తోశారో ఈ బండిని!"

"దూడో?" అన్నాడు జిలానీ.
"బతికింది."

మళ్ళీ తలుపు తీశాను.
అరిచింది, షెడ్డు రేకులు జుయ్యిమనేలా.
ముగ్గురం నిలబడి విన్నాం కాసేపు,
లైట్లు ఆర్పాలని ఎవరికీ తోచలేదు.
ఆ పుల్లముక్కని ఆవిడ పారెయ్యలేదు,
డేష్‌బోర్డు అరలో థర్మామీటరు పక్కన పెట్టుకున్నారు.
ఏ రాత్రి మళ్ళీ అవసరం పడుతుందో.

నూట యాభై తీసుకున్నాను.
బండి మలుపు తిరుగుతూ
మున్సిపాలిటీ తవ్వి వదిలేసిన గోతిలో పడింది.
చెవి అటు పెట్టి విన్నాను.
జిలానీ చేతిలో ప్లేయరు ఇంకా అలాగే ఉంది.